ఇక్కడి నుంచి చికాగో ఎంత దూరం?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు నీ ఉద్యోగం గురించి చెప్పు" అన్నారు. నేను ఉద్యోగమంతా విమాన సంస్థల్లో డిస్పాచ్ విభాగంలో చేశాను. పైలట్‌ని కాను. విమానం బయలుదేరే ముందు అది ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, దారిలో గాలి ఎలా ఉంది, దిగాల్సిన చోట వాతావరణం బాగాలేకపోతే ఇంకెక్కడ దిగాలి అని లెక్క కట్టి, ఆ కాగితాలు కెప్టెన్ చేతిలో పెట్టే పని అది. ప్రయాణికులకు మేం కనిపించం. విమానం ఆలస్యమైతే మాత్రం అందరి నోళ్ళలోనూ నానుతాం.

రిటైరై ఊరికి వచ్చాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటుంది. "మావాడు చికాగోలో ఉన్నాడు, ఇక్కణ్ణించి అది ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది?" డల్లాస్ అని, న్యూజెర్సీ అని, ఊరు పేరు మారవచ్చు. ప్రశ్న ఒకటే. అడిగేది భూగోళం పాఠం కోసం కాదని నాకు తెలుసు. ఈ సభలో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారో మీకే తెలుసు. కాబట్టి ఈ రోజు ఆ ఒక్క ప్రశ్నకు నాకు తెలిసినంతలో పూర్తి జవాబు చెబుతాను. చికాగోనే తీసుకుందాం.

ముందు దూరం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి చికాగో ఓహేర్ విమానాశ్రయానికి భూమి మీద అతి దగ్గరి దారి సుమారు 13,280 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బెజవాడకు 275 కిలోమీటర్లు అనుకుంటే, 24 సార్లు బెజవాడ పోయి వచ్చినంత. భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. అందులో సగం, అంటే 20 వేల చిల్లర, భూమి మీద ఎవరైనా ఎవరికైనా ఉండగలిగిన గరిష్ఠ దూరం. హైదరాబాదుకు సరిగ్గా అవతలి వైపు ఏముందని చూస్తే దక్షిణ పసిఫిక్ సముద్రంలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ లెక్కన మన పిల్లలు మూడింట రెండు వంతుల దూరంలో ఉన్నారు.

ఈ అతి దగ్గరి దారి ఎటు పోతుంది? మనకు తరగతి గోడ మీద ప్రపంచ పటం ఉండేది. దాని మీద స్కేలు పెట్టి హైదరాబాదు నుంచి చికాగోకి గీత గీస్తే అది పడమరకు, అరేబియా మీదుగా, ఆఫ్రికా ఉత్తర భాగం మీదుగా, అట్లాంటిక్ దాటి పోతుంది. ఆ గీత పట్టుకుని పోతే దాదాపు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అంటే 2,800 కిలోమీటర్లు దండగ. మూడు గంటల పైమాట.

పటం బల్లపరుపు, భూమి గుండ్రన. మన సోషల్ మాస్టారు ఈ సంగతి చెప్పడానికి హెడ్మాస్టరు గదిలో బీరువా మీద ఉండే గ్లోబు తెప్పించేవారు. అది కింద పడితే ఎవరి వీపు పగులుతుందో అందరికీ తెలుసు కనుక, మోసుకొచ్చే కుర్రాడు ఊపిరి బిగబట్టి వచ్చేవాడు. ఇంటికి వెళ్ళాక మీ మనవడి గ్లోబు తీసుకుని, ఒక దారం హైదరాబాదు మీద, రెండో కొస చికాగో మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకు పోదు. ఉత్తరానికి పోతుంది. హైదరాబాదులో బయలుదేరేటప్పుడు నేరుగా ఉత్తరం కంటే 12 డిగ్రీలు మాత్రమే పడమరకు ఒరిగి ఉంటుంది. పంజాబు, కశ్మీరు దాటి, మధ్య ఆసియా, కజకిస్తాన్, రష్యాలో ఉరల్ ప్రాంతం, ఆర్కిటిక్ సముద్రం మీదుగా 79వ అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగి, అక్కణ్ణించి చికాగో చేరుతుంది. అమెరికా పడమట ఉందని చిన్నప్పటి నుంచీ అనుకుంటాం కానీ, హైదరాబాదు నుంచి దగ్గరి దారి ఉత్తరపు దిక్కునే ఉంది.

ఇప్పుడు కాలం. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 13,280ని 900తో భాగిస్తే 14 గంటల 45 నిమిషాలు. ఇది కాగితం మీద లెక్క. టికెట్టు మీద అచ్చయ్యే సమయం దీనికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే టికెట్టు మీది సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చుట్టూ తిరగడం అన్నీ అందులో ఉంటాయి. ఆపైన మూడు సంగతులు ఈ లెక్కను ఇంకా మారుస్తాయి.

మొదటిది గాలి. మనం ఎగిరే ఎత్తులో, ఉత్తరార్ధ గోళంలో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గట్టి గాలి వీస్తుంది. విమానం వేగం గాలితో పోల్చి చెప్పేది. గాలే ఎదురొస్తుంటే నేల మీద మనం దాటే దూరం తగ్గుతుంది. గోదావరిలో పడవ సామెతే. దుబాయ్ నుంచి చికాగో 11,640 కిలోమీటర్లు. దారి పొడుగునా సగటున గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురైతే 13 గంటల 40 నిమిషాలు, అదే గాలి వెనక నుంచి తోస్తే 12 గంటల 15 నిమిషాలు. అందుకే మీ అబ్బాయి రావడానికి పట్టే కాలం, మీరు పోవడానికి పట్టే కాలం ఒకటి కావు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ వైపు వదిలేసి, పసిఫిక్ మీదుగా విమానం నడిపింది. 15 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారి పొడుగు ఎక్కువే, కానీ వెనక గాలి తోడవడంతో సుమారు పద్నాలుగున్నర గంటల్లో చేరింది. దూరం పెరిగితే కాలం పెరగాలన్న నియమం ఆకాశంలో లేదు.

రెండోది దేశాల తగాదాలు. దారం చూపించిన దారి ఎవరి ఆకాశం మీదుగా పోతుందో చూడండి. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్ళీ మూసింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ దేశాల విమానాలకు రష్యా తన ఆకాశం మూసింది. అలాంటప్పుడు విమానం చుట్టు తిరిగి పోవాలి. గంటో రెండు గంటలో పెరుగుతుంది, కొన్నిసార్లు ఇంధనం కోసం దారిలో దిగాల్సి వస్తుంది. ఢిల్లీలోనో మాస్కోలోనో ఎవరో సంతకం పెడితే, మన ఊరి తల్లి ఇంకో రెండు గంటలు కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి.

మూడోది ఇంధనం. బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ అనే విమానం ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 145 టన్నులు. అది పట్టించుకోగలిగిన ఇంధనం కూడా దాదాపు 145 టన్నులే. తన బరువంత చమురు మోసుకుని ఎగరగలదన్నమాట. దూరం పెరిగిన కొద్దీ, ఇంధనం మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. ధ్రువప్రాంతంలో పోయేటప్పుడు ఇంకో చూపు ఉండాలి. జెట్ ఎ-1 అనే ఇంధనం సున్నాకు దిగువన 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. బయట చలి అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజను ఆగినా, అనుమతించిన సమయంలో చేరగలిగిన విమానాశ్రయం దారి పొడుగునా దగ్గర్లో ఉండాలి. ఇవన్నీ చూశాకే గీత గీస్తాం. దారం సూటిగా ఉంటుంది, మేం గీసే గీత ఎప్పుడూ కాస్త వంకరే.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకి వారానికి ఒక సర్వీసు నేరుగా నడపడం మొదలుపెట్టింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నేరు విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో అందరూ మహిళలే నడిపి తెచ్చారు. ఈ మాట ఇక్కడున్న ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. అయితే మనలో ఎక్కువమంది దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారి పోతున్నాం. దీనివల్ల దూరం బాగా పెరుగుతుందని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి. హైదరాబాదు నుంచి దుబాయ్ 2,550, అక్కణ్ణించి చికాగో 11,640. మొత్తం 14,190. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 14,090. నేరు దారి కంటే 800 నుంచి 900 కిలోమీటర్లే ఎక్కువ. గాలిలో ఒక గంట తేడా. మిగతా ఆలస్యమంతా కింద కుర్చీల్లో కూర్చోవడమే.

టికెట్టు చూసి తికమకపడే ఇంకో సంగతి, తారీఖులు. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే రాస్తారు. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మన కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. చికాగో చలికాలంలో మనకంటే 11½ గంటలు, వాళ్ళు గడియారం ముందుకు తిప్పే వేసవిలో 10½ గంటలు వెనక ఉంటుంది. చలికాలంలో మీరు సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదులో ఎక్కి, 22 గంటలు ప్రయాణం చేస్తే, అక్కడ దిగేసరికి ఇంకా సోమవారం మధ్యాహ్నం రెండున్నరే. వచ్చేటప్పుడు అక్కడ సోమవారం రాత్రి 8 గంటలకు ఎక్కి 21 గంటలు ప్రయాణం చేస్తే, ఇక్కడ బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు దిగుతారు. మంగళవారం ఆకాశంలోనే కరిగిపోతుంది. ఒంటికి మాత్రం ఈ లెక్కలు తెలియవు. అది ఎక్కిన ఊరి గడియారం ప్రకారమే ఆకలి, నిద్ర అడుగుతుంది.

ఇంతవరకూ నా ఉద్యోగపు లెక్కలు. ఇక అసలు లెక్కకు వస్తాను.

మా బ్యాచ్ మిత్రుడు ఒకడు, పేరు చెప్పను, చికాగోలో ఉండేవాడు. ఇక్కడ వాళ్ళ నాన్నగారు ఒక సాయంత్రం పోయారు. అతను నాకు ఫోను చేసి అడిగింది ఒకటే: "ఎంత త్వరగా రాగలను?" నేను కాగితం తీసి రాశాను. టికెట్టు దొరకడానికి, సెలవు చెప్పడానికి, పెట్టె సర్దుకోవడానికి 3 గంటలు. ఇంటి నుంచి విమానాశ్రయం, అక్కడ తనిఖీలు, ఎదురుచూపు 4 గంటలు. చికాగో నుంచి దుబాయ్ 13 గంటలు. దుబాయ్‌లో 4 గంటలు. అక్కణ్ణించి హైదరాబాదు 3½ గంటలు. ఇమ్మిగ్రేషన్, సామాను ఒకటిన్నర గంట. శంషాబాద్ నుంచి మన ఊరికి కారులో 5 గంటలు. మొత్తం 34 గంటలు. అది కూడా అన్నీ కలిసొస్తే, వెంటనే విమానం ఉంటే, సీటు ఉంటే.

ఈ 34 గంటల్లో విమానంలో గడిచింది 16½ గంటలు. సగం కూడా కాదు. మిగతా 17½ గంటలు నేల మీదే. నేరు విమానం ఉన్నా నాలుగైదు గంటలు తగ్గేవి, అంతే.

అతను వచ్చేదాకా ఇక్కడ పెద్దాయన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. అతని తల్లి ఆ రెండు రాత్రులూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రాత్రి కరెంటు పోతే జనరేటరు తెచ్చింది, బంధువులకు ఫోన్లు చేసింది, వచ్చినవాళ్ళకు టీలు పెట్టించింది, పంచాయతీ కాగితాలు చూసుకుంది మన బడిలో చదివిన నలుగురు కుర్రవాళ్ళు. వాళ్ళలో ఇద్దరికి ఆ కుటుంబంతో అంతకుముందు పరిచయం కూడా లేదు. అతను కారు దిగి వాళ్ళ చేతులు పట్టుకుని ఏమీ మాట్లాడలేకపోయాడు. ఆ నలుగురూ ఇక్కడే ఎక్కడో కుర్చీలు సర్దుతూ ఉంటారు.

చాలామంది, విమానాలు ఇంకా వేగంగా వస్తాయి, ఈ దూరం తగ్గుతుంది అనుకుంటారు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా విమానం తొలిసారి బొంబాయి నుంచి లండన్‌కి బయలుదేరినప్పుడు కైరోలో, జెనీవాలో ఆగుతూ పోయింది. 1960లో బోయింగ్ 707 జెట్‌తో న్యూయార్క్ దాకా వెళ్ళింది. ఆ 707 వేగం, ఈనాటి పెద్ద విమానం వేగం దాదాపు ఒకటే. అరవై ఏళ్ళ పైగా ప్రయాణికుల విమానం వేగం పెరగలేదు. పెరిగింది ఆగకుండా పోగలిగే దూరం. ఈ రోజు సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఒక్క బిగిన, పద్దెనిమిది గంటల పైచిలుకు ఎగురుతున్నారు. కాబట్టి నా మాట నమ్మండి, ఆ 34 గంటలు మన జీవితకాలంలో 24 కావు. యంత్రం చేయాల్సింది చాలావరకు చేసేసింది. మిగిలింది మనుషులు చేయాల్సిన పని.

అందుకని బయట ఉన్న పిల్లలకు, ఇక్కడున్న పెద్దవాళ్ళకు కొన్ని మాటలు. పిల్లలూ, మీ పాస్‌పోర్టు, వీసా, ఓసీఐ కాగితాలు ఎప్పుడూ చెల్లుబాటులో ఉంచుకోండి. ఆపద వచ్చిన రోజున విమానం కంటే కాగితమే ఎక్కువమందిని ఆపుతుంది. పెద్దవాళ్ళను పిలిపించుకునేటప్పుడు రెండు వేర్వేరు టికెట్లు కొనకుండా మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద తీయండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని బాధ్యత అప్పుడే సంస్థ మీద ఉంటుంది. మధ్యలో మారడానికి మూడు గంటలైనా ఉంచండి. వీల్‌చైరు టికెట్టు తీసినప్పుడే చెప్పండి. అమ్మకు నడవగల శక్తి ఉన్నా సరే, అంత పెద్ద విమానాశ్రయంలో దారి చూపే మనిషి ఆవిడకు దొరుకుతాడు.

పెద్దలూ, మందులు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి, కింద వేసే పెట్టెలో వద్దు. బీపీ, షుగరు మందులు ఏ ఊరి గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నడవండి. పక్కవాళ్ళను లేపాలని మొహమాటపడకండి. కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేయకండి.

ఇంకొక మాట. ఇది చెప్పడం కష్టమే, అయినా చెప్పకపోతే నేను ఇక్కడ నిలబడి ఉపయోగం లేదు. మనలో ఎవరైనా పోతే పిల్లల కోసం ఉంచాలా, ఉంచితే ఎంతసేపు, లేకపోతే ఇక్కడున్నవాళ్ళే దహనం చేసి, పిల్లలు పెద్దకర్మకు అందుకుంటే చాలా? ఒంట్లో బాగున్నప్పుడే, నవ్వుతూ ఉన్నప్పుడే, ఇంట్లో కూర్చుని అనుకోండి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పిల్లలు వచ్చేలోగా నిర్ణయం ఎవరు తీసుకోవాలో కూడా అనుకోండి. అలా తేల్చి చెప్పిన తల్లిదండ్రులు పిల్లల నెత్తి మీద నుంచి పెద్ద బరువు దించినట్టే. ఆ పిల్లవాడు పదమూడు గంటల విమానంలో కూర్చుని, ఫోను కలవక, అక్కడ ఏం జరుగుతోందో తెలియక పడే వేదనలో కొంతైనా తగ్గుతుంది.

చివరిగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవానికి చాలా కార్యక్రమాలు పెట్టుకున్నాం. తరగతి గదికి రంగులు, మంచినీళ్ళ ప్లాంటు, విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు. అన్నీ మంచివే. వాటితో పాటు ఖర్చులేని ఒక నోటుపుస్తకం పెడదాం. ఊళ్ళో పిల్లలు దగ్గర లేని పెద్దల పేర్లు, వాళ్ళు వాడే ఆసుపత్రి, పిల్లల ఫోను నంబర్లు, ఒక్కొక్క ఇంటికి దగ్గర్లో ఉండే ఇద్దరు పూర్వ విద్యార్థుల పేర్లు. ఆ ఇద్దరికీ ఒకటే పని. ఫోను వస్తే పది నిమిషాల్లో ఆ ఇంటి గుమ్మంలో ఉండాలి. మన గురువుల పేర్లు ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఉండాలి. వాళ్ళ పిల్లలు కూడా దూరానే ఉన్నారు. పైగా వాళ్ళకు ఈ ఊళ్ళో మనం కూడా పిల్లలమే.

కార్యదర్శిగారు ఒప్పుకుంటే ఆ పుస్తకం నేనే రాస్తాను, నెలకోసారి నంబర్లు సరిచూసే బాధ్యత కూడా నాదే. దారి గీయడం, దారిలో ఎక్కడ దిగాలో ముందే ఆలోచించి పెట్టడం నాకు అలవాటైన పని. భోజనాల దగ్గర ఒక బల్ల మీద కాగితం, కలం పెట్టుకుని కూర్చుంటాను. పెద్దలు పేరు రాయించండి. ఊళ్ళో ఉండే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫోను నంబరు ఇచ్చి వెళ్ళండి.